దోమ కడుపులో నల్లచుక్క

మొన్న బ్యాంకుకు వెళ్లాను. ఇంకా బతికే ఉన్నానని ఏటా ఒక కాగితం మీద సంతకం పెడితే తప్ప మాలాంటి వాళ్లకు పెన్షన్ రాదు. ఆ లైనులో నా ముందు నిలబడ్డ పాత కాంపౌండరు వెనక్కి తిరిగి, "ఎరికేనా అన్నా, మన దోమల సారు పోయిండట" అన్నాడు.

"ఎప్పుడు?"

"నెల దాటిందట. జెరం వచ్చిందట. డెంగీ అంటున్నరు."

అంటే దోమే కుట్టిందన్నమాట. నవ్వకూడదు గానీ, ఆయన్ని ఎరిగిన నలుగురం లైనులోనే నవ్వాం. ఆయన ఉండి ఉంటే నవ్వినందుకు ఏమీ అనేవాడు కాదు. అది ఏ జాతి దోమో అడక్కుండా నవ్వినందుకు కోప్పడేవాడు.

ఇంటికొచ్చి ఇనప్పెట్టె తెరిచాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ డైరీ రాయడం నాకు అలవాటు. పెద్ద విషయాలేమీ ఉండవు. వాన పడిందా, కరెంటు పోయిందా, ఎవరొచ్చారు, ఏం కూర. ఆయన పేరు కనబడ్డ పేజీలన్నిటికీ దారం ముక్కలు పెట్టుకుంటూ వచ్చాను. సగం పేజీల్లో "దోమల సారు మళ్లీ విసిగించాడు" అని మాత్రమే ఉంది. కారణం రాయలేదు. రాయాల్సిన అవసరం లేదని అనుకొని ఉంటాను.

డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలోని ఒక కాలనీ దవాఖానలో నేను టైపు గుమస్తాను. వరండా చివరి గది ఆయనది. దానికి ఒకే కిటికీ. అది బొగ్గు వ్యాగన్లు నింపే బంకరు వైపు తెరుచుకుంటుంది. మలేరియా నిర్మూలన కోసం దోమల్ని పట్టి, కోసి, లోపల వ్యాధి క్రిమి ఉందో లేదో చూసి రాయడం ఆయన ఉద్యోగం. మంథని వైపు మనిషి. పొడుగ్గా, సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. ఆయన కోసే ప్రాణి పోలికలే ఆయనకూ వచ్చాయని దవాఖాన ఆయాలు అనుకునేవాళ్లు.

దోమను పట్టడానికి ఒక గాజు గొట్టం, దానికి తగిలించిన రబ్బరు పైపు ఉండేవి. పైపు కొస నోట్లో పెట్టుకొని మెల్లగా పీలిస్తే గోడ మీది దోమ గొట్టంలోకి వస్తుంది. పని లేనప్పుడు దాన్ని మెడలో వేసుకొని తిరిగేవాడు. దూరం నుంచి చూసిన వాళ్లు డాక్టరనుకొని చెయ్యి చాపేవాళ్లు. ఆయన కాదనేవాడు కాదు. నాడి పట్టుకొని, కళ్లు మూసుకొని, "ఇంట్ల నీళ్లు నిల్వ ఉంచకుండ్రి" అని చెప్పి పోయేవాడు. కాలు బెణికిన వాడికి కూడా ఇదే వైద్యం.

పొద్దున మొదటి షిఫ్టు సైరన్ మోగి మగవాళ్లు బాయిలోకి దిగిపోయాక, టార్చిలైటు పట్టుకొని క్వార్టర్ల మీద పడేవాడు. బొగ్గు గనిని ఇక్కడ బాయి అంటారు.

"అక్కా, లోపట ఎవలన్న ఉన్నరా?"

"నేనున్న సారు."

"నువ్వు కాదక్కా. గోడ మీద."

ఆడ దోమే మనిషిని కుడుతుంది కాబట్టి ఆయన దోమను ఎప్పుడూ "ఆమె" అనేవాడు. "నిన్న మీ దండెం ఎనుక ఒకామె ఉండె, గియ్యాల కనపడుత లేదు" అని ఒక ఇంట్లో అన్నందుకు అక్కడి మొగుడూ పెళ్లాల మధ్య రెండు రోజులు మాటల్లేవు. నేనే వెళ్లి సర్దిచెప్పి వచ్చాను. ఆ రోజు డైరీలో కారణం కూడా రాశాను.

ఉద్యోగంలో చేరగానే ఆయన్ని మూడు నెలలు ఢిల్లీకి శిక్షణకు పంపారు. ఆ మూడు నెలలూ ఆయన జీవితంలో చివరి దాకా అయిపోలేదు. సూది విరిగితే "ఢిల్లీల అయితే సూదులు ఇరగయి", టీలో చక్కెర తక్కువైతే "ఢిల్లీల అయితే". అక్కడ ఒక ప్రొఫెసరు ఆయనకు ఒక దోమ కడుపు చూపించాడట. కడుపు గోడ మీద మలేరియా క్రిమి బుడగలా పెరగాల్సిన చోట ఒక నల్లచుక్క ఉందట. ఆ చుక్క ఏమిటో ఆయన మా అందరికీ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. షిఫ్టు దిగిన వాళ్లు టీ హోటల్లో కూర్చుంటే వాళ్ల బల్ల దగ్గరికే వెళ్లి నిలబడేవాడు.

"దోమ నెత్తురు ఎర్రగుండదు. నీళ్ల లెక్క ఉంటది. ఎర్రది మనది, ఆమె తాగింది. ఆమె సొంత నెత్తుర్ల కావలోళ్లు ఉంటరు. సన్నటి కణాలు. కొందరు ఒళ్లంత తిరుగుతుంటరు, కొందరు గోడలకు అతుక్కొని కూసుంటరు. మలేరియా పురుగు లోపలికి రాంగనే అందరికి ఖబర్ పోతది. తిరిగెటోళ్లు ఉరికొస్తరు, కూసున్నోళ్లు లేస్తరు, చిన్నోళ్లు పెద్దగయితరు, ఒక్కడు ఇద్దరయితడు. అందరు కల్సి పురుగు సుట్టు ముట్టి, మీద నల్లటి గచ్చు పోస్తరు. అయిపాయె. సమాధి."

"మన బాయిల నిప్పంటుకుంటె గోడ కట్టి సీలు చేసినట్టు" అన్నాడు బాయి కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే ఒక ముసలి టింబర్‌మన్.

"శబాష్! గదే."

"అయితె సారు, మనం సీలు చేసిన కాడ లోపట నిప్పు ఆరుతదా? ఏండ్లకేండ్లు రగులుకుంటనే ఉంటది గద. గోడ పలిగితె మల్ల మొదటికే."

ఢిల్లీలో ఈ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "దోమలు మన కాంట్రాక్టర్ల లెక్క గోడలు కట్టయి" అని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లు కడుపు తర్వాత కడుపు కోశాడు. కోసేటప్పుడు ఫ్యాను వద్దనేవాడు, గాలికి దోమ ఎగిరిపోతుందని. వెలుతురు కోసం కిటికీ మాత్రం బార్లా తెరిచేవాడు. గాజుపలక మీద ఒక చుక్క ఉప్పునీళ్లు వేసి, అందులో దోమను పెట్టి, రెండు సూదులతో వెనక భాగం మెల్లగా లాగితే కడుపు బయటికొస్తుంది. అప్పుడు ఎవరు తలుపు దగ్గరికొచ్చినా, "ష్. కడుపు తీస్తున్న" అనేవాడు. బిల్లు మీద సంతకం కోసం వెళ్లి అరగంట ఊపిరి బిగబట్టి నిలబడ్డ రోజులు నా డైరీలో ఉన్నాయి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆయన వరండాలో పరుగెత్తడం మొదటిసారి చూశాను.

"రైటర్ సాబ్! దొరికింది! నల్లచుక్క!"

వెళ్లి మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. పల్చటి సంచీ లాంటిది, దాని మీద నల్లటి చుక్కలు నాలుగైదు. మరుసటి దోమలోనూ ఉన్నాయి. ఆ వారం కోసిన ప్రతి దోమలోనూ ఉన్నాయి. ఢిల్లీ ప్రొఫెసరు దగ్గర ఒక్క దోమలో ఒక్క చుక్క ఉంటే, ఇక్కడ కాలనీ మొత్తం దోమల్లో గుప్పెళ్లకొద్దీ! ఆయనకు రెండు రోజులు అన్నం సయించలేదు.

రిపోర్టు ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. ఈ కాలనీ దోమల రక్తకణాలు అసాధారణమైన శక్తి గలవనీ, మలేరియా క్రిమి ప్రవేశించగానే దాన్ని చుట్టుముట్టి నల్లబరిచి చంపుతున్నాయనీ, కావున ఇక్కడ మనుషులకు మలేరియా సోకే అవకాశం లేదనీ ఆ రిపోర్టు. ఏడు కాపీలు. కార్బన్ పేపర్లు సరిగ్గా అమరాయో లేదో చూశాను. అందులోని సంగతి సరిగ్గా ఉందో లేదో చూడటం నా పని అనుకోలేదు.

మా పెద్ద డాక్టరు ఆ రిపోర్టును రెండుసార్లు చదివాడు. జ్వరాల పేరుతో కార్మికులు పనికి రావడం లేదని పైనుంచి ఆయనకు రోజూ చీవాట్లు పడుతున్నాయి. ఇప్పుడు జ్వరాలకు అసలు కారణమే లేదని కాగితం చేతికొచ్చింది. పది రోజుల్లో కాలనీ మొదట్లో బోర్డు లేచింది: "మలేరియా లేని కాలనీ". రిబ్బను కట్టారు, లడ్డూలు పంచారు. డాక్టరు మాట్లాడి, దోమల సారును కూడా రెండు ముక్కలు చెప్పమన్నాడు. ఆయన మైకు ముందు నిలబడి, "గీ ఘనత నాది కాదు, డాక్టరు సారుది కాదు. ముమ్మాటికి దోమలది" అన్నాడు. కార్మికులు చప్పట్లు కొట్టారు. డాక్టరు కొట్టలేదు. గోడలకు మందు కొట్టే ముఠాను వేరే ఊరికి పంపించేశారు.

ఇక ఓదెలు సంగతి.

ఓదెలు బదిలీ ఫిల్లరు. అంటే పర్మినెంటు కాదు. పర్మినెంటు వాడెవడైనా రాని రోజున వాడి బదులు దిగి, తట్టతో బొగ్గు ఎత్తేవాడు. అలా ఏడాది పొడుగునా హాజరు పడితే పేరు పర్మినెంటు జాబితాలోకి ఎక్కుతుంది. నాగాలు ఎక్కువైతే పేరు కొట్టేస్తారు, మళ్లీ ఊళ్లో కూలికి పోవాల్సిందే. ఒంట్లో బాగాలేక రాకపోతే మాత్రం నాగా కాదు. దానికి దవాఖాన చీటీ కావాలి. చీటీ మీద పెద్ద డాక్టరు సంతకం కావాలి.

ఆ వానాకాలం ఓదెలుకు చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు. మధ్యాహ్నం మంచం ఎగిరేలా వణికిపోయేవాడు, సాయంత్రానికి చెమట పట్టి తగ్గేది. మరునాడు మామూలుగా నడుచుకుంటూ దవాఖానకు వచ్చేవాడు. అదే వాడి నేరమైంది.

"జెరం ఏదిరా?" అనేవాడు డాక్టరు, నుదుటి మీద చెయ్యి వేసి.

"నిన్న ఉండె సారు. మల్ల రేపొస్తది."

"జెరం డ్యూటీ షీటు చూసుకొని వస్తుందా? ఈ కాలనీలో మలేరియా లేదు. రిపోర్టుంది, బోర్డుంది. కల్లు తాగి పడుకున్నవాళ్లకు చీటీ ఇవ్వను. పో."

వణికే రోజున వాడు దవాఖాన దాకా నడవలేడు. నడవగలిగిన రోజున జ్వరం ఉండదు. నాగాలు పడుతూనే ఉన్నాయి. ఇంకో మూడు పడితే పేరు పోతుందని టైం ఆఫీసు వాళ్లు చెప్పేశారు.

ఓదెలు భార్య రాజవ్వ ఒకరోజు నేరుగా చివరి గదికి వచ్చింది. నేను అప్పుడు ఏదో రిజిస్టరు కోసం అక్కడే ఉన్నాను.

"దోమల సారు నువ్వేనా?"

"ష్. కడుపు తీస్తున్న."

"నా కడుపు మీద కొట్టినవు గద, ఇంక ఎవల కడుపు తీస్తవు? మలేరియ లేదని రాసింది నువ్వేనట. నా మొగడు పొద్దుగూకె దాక గజగజ వణుకుతుండు. వాడు నాటకమాడుతుండా?"

ఆయనకు కోపం రాలేదు. జాలిపడ్డాడు. సూదులు పక్కన పెట్టి, స్టూలు జరిపి, "కూసో అక్కా. దీంట్ల చూడు. కండ్లతోని చూస్తె నీకే సమజైతది" అన్నాడు. కావలోళ్ల కథంతా మొదటి నుంచీ చెప్పాడు, గచ్చు పోయడంతో సహా. రాజవ్వ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"నల్లగ ఉన్నయి, గవేనా?"

"గవే. సచ్చిన మలేరియ పురుగులు."

"ఇది బొగ్గు గద సారు."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. డైరీలో రాసుకున్నాను కూడా, ఆమె మాటకు ఇద్దరం నవ్వామని.

"ఎందుకు నవ్వుతరు? రోజు నా మొగని అంగి ఉతుకుత. గోళ్లల్ల బొగ్గే, కూట్ల బొగ్గే. నాకు తెల్వదా? నువ్వు చెప్పిన గచ్చు పోస్తె గుండ్రంగుండాలె. ఇవి పలుకులు పలుకులుగ, మూలలు మూలలుగ ఉన్నయి. దోమను తీసి ఉత్త నీళ్లు పెట్టు, చూద్దాం."

ఆమెను ఒప్పించడానికే పెట్టాడు. గాజుపలక తుడిచి, దోమ లేకుండా ఒక్క ఉప్పునీటి చుక్క వేసి, కిటికీ దగ్గర వెలుతురులో సర్ది, తనే ముందు కన్ను పెట్టాడు. బంకరులో వ్యాగను నిండుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన కన్ను తీయలేదు. వెనకనుంచి మెడ నరాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఉన్నయా సారు?"

ఆమె ఆయన్ని మెల్లగా పక్కకు జరిపి చూసింది.

"దోమనే లేదు గద సారు. మరి కావలి ఎవలు కాస్తున్నరు?"

ఆమె వెళ్లిపోయాక ఆయన గది తలుపు మూసుకున్నాడు. రెండు రోజులు తీయలేదు. మూడో రోజు తీశాక చూస్తే కిటికీ మూసి, సందుల్లో తడిబట్టలు కుక్కి ఉన్నాయి. లోపల చిమ్నీ దీపం వెలుతురులో ఒంటి మీద బనీనుతో కూర్చొని దోమల్ని కోస్తున్నాడు. చొక్కా మీద బొగ్గు ఉంటుందని విప్పేశాడట. "చుక్కలు లేవు రైటర్ సాబ్" అన్నాడు. "ఒక్కటి లేదు. ఇద్దరి కడుపుల మలేరియ బుడగలు ఉన్నయి. తెల్లగ, నున్నగ. ఎవలు ముట్టలే."

రిపోర్టు తప్పని రాసిన కాగితం తీసుకొని ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లాం. డాక్టరు చదివి, మడిచి, తిరిగి దోమల సారు చొక్కా జేబులోనే పెట్టాడు.

"బోర్డు పెట్టి రెండు నెలలు కాలేదు. ఇప్పుడు బొగ్గని చెప్తే పైన నా మొహం మీద ఏం పోస్తారో తెలుసా?"

"పోనీ సార్, ఓదెలు వేలు గుచ్చి ఒక్క సుక్క నెత్తురు చూస్త. ఉంటె చీటీ ఇయ్యుండ్రి."

"మనిషి రక్తం ముట్టే అధికారం నీకు లేదు. నీ డ్యూటీ దోమ. దోమ వరకే చూసుకో."

బయటికొచ్చాక వరండా స్తంభానికి ఆనుకొని చాలాసేపు నిలబడ్డాడు. బాధపడుతున్నాడనుకున్నాను. తర్వాత తెలిసింది, డాక్టరు మాటను అక్షరాలా పాటించే దారి వెతుకుతున్నాడని.

ఆయన గదిలో ఒక లాంతరు చిమ్నీ ఉండేది. రెండు వైపులా వలబట్ట కట్టి, నీటిపురుగుల దశ నుంచి దోమల్ని అందులో పెంచేవాడు. ఎవరినీ కుట్టని, ఏ రోగమూ అంటని దోమలు. ఓదెలు వణికే రోజు మధ్యాహ్నం ఆ చిమ్నీని చేతి రుమాలు కప్పి పట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని వాళ్ల క్వార్టరుకు వెళ్లాడు. ఓదెలు మూడు గొంగళ్ల కింద ఉన్నాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఓదెలూ, చెయ్యి బయట పెట్టు."

ఓదెలు చిమ్నీని చూశాడు. "ఇంట్ల ఉన్నయి సాలవా సారు? దవాఖాన నుంచి గూడ తెచ్చినవా?"

"గీమెకు ఆకలైతుంది. నువ్వు కదలకు."

అంత వణుకులో కదలకపోవడం ఎలాగో ఆయనే చెప్పాలి. చివరికి రాజవ్వ మొగుడి చేతిని తన మోకాళ్ల మధ్య అదిమిపెట్టింది. దోమ కూర్చుంది. పొట్ట ఎర్రగా ఉబ్బుతుంటే ఆయన పక్కనే మోకరించి, "తాగు బిడ్డా, తాగు" అన్నాడు. తర్వాత జేబులోంచి ఒక కాగితం తీశాడు. "ఈ దోమ నన్ను నా పూర్తి సమ్మతితో కుట్టినది" అని అందులో ఉంది. కింద ఓదెలు వేలిముద్ర. సాక్షిగా నేను సంతకం చేశాను. నా నౌకరీలో చేసిన సంతకాలన్నిట్లో పిల్లలకు చెప్పుకోలేనిది అదొక్కటే.

రాజవ్వ కూడా మా వెంట దవాఖానకు వచ్చింది. కిటికీ మూసిన ఆ చీకటి గదిలో ముందు ఉత్త నీటి చుక్క పెట్టి ఆమెకే చూపించాడు.

"బొగ్గున్నదా అక్కా?"

"లేదు సారు."

అప్పుడు దోమ కడుపు తీసి, అందులోని రక్తాన్ని పలక మీద రాసి, ఆరబెట్టి, రంగు వేసి చూశాడు. ఓదెలు ఎర్రకణాల్లో ఉంగరాల్లా మలేరియా క్రిములు ఉన్నాయన్నాడు. నాకు గులాబీ మరకలు తప్ప ఏమీ కనబడలేదు. "ఉన్నవన్నాడు" అని డైరీలో రాసుకున్నాను.

రిపోర్టు పద్ధతి ప్రకారమే వెళ్లింది. దోమ పరీక్షించబడింది, దోమ కడుపులో మలేరియా ఉంది, కడుపులోని రక్తం బదిలీ ఫిల్లరు ఓదెలుది, వేలిముద్ర జత. డాక్టరు చదివి కుర్చీలోంచి లేచాడు. చీటీ ఇవ్వలేదు. ఆ సాయంత్రమే ఒక మెమో టైపు చేయించాడు. దవాఖాన దోమతో కార్మికుణ్ని కుట్టించి అతని ప్రాణానికి ముప్పు తెచ్చినందుకు నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో రెండు రోజుల్లో చెప్పవలెను. అదీ నేనే టైపు చేశాను.

అప్పటికి ఓదెలుకు ఒక్క నాగా మిగిలింది.

మరునాడు పొద్దున్నే ఆయన జవాబుతో, మూత పెట్టిన ఒక గాజు సీసాతో వచ్చాడు. జవాబు రెండే వాక్యాలు. అభియోగం ఒప్పుకుంటున్నాను. అయితే సదరు దోమ దవాఖానది కాదు, పెద్ద డాక్టరు గారి బంగళా ముందున్న తామరతొట్టిలో పట్టిన పురుగు నుంచి పుట్టినదని రిజిస్టరులో నమోదై ఉన్నది. సీసాలో నీళ్ల మీద చిన్న చిన్న పుల్లల్లా దోమ పురుగులు అడ్డంగా తేలుతున్నాయి.

డాక్టరు సీసాను చూశాడు. ఆయనకు ఇద్దరు చిన్నపిల్లలు. రోజంతా ఆ తొట్టి చుట్టే ఆడేవాళ్లు.

"మా తొట్టిలోనా?"

"అవ్ సార్. మలేరియ మోసే జాతే."

డాక్టరు గొంతు తగ్గించాడు. "మరి వాటిల్లో ఆ కావలోళ్లు... ఆ నల్లచుక్కలు... నువ్వే కదయ్యా చెప్పావు, మన దగ్గరి దోమలు లోపలే చంపేస్తాయని?"

"అది బొగ్గు సార్."

నేను గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాను.

డాక్టరు చీటీ పుస్తకం ముందుకు లాక్కున్నాడు. బోర్డు ఉండగా మలేరియా అని రాయలేడు. కాసేపు పెన్ను తిప్పి, "కీటకం కాటు వల్ల కలిగిన జ్వరం" అని రాసి సంతకం చేశాడు. ఓదెలు పాత నాగాలన్నిటికీ అదే చీటీ వర్తిస్తుందని కింద ఇంకో లైను రాయించింది దోమల సారే. డాక్టరు మలేరియా గోళీలు కూడా ఇచ్చాడు, పేరు రాయకుండా, పొట్లం కట్టి.

ఇంతటితో ఆయనకు బుద్ధి వచ్చిందనుకుంటే పొరపాటు. వారం తిరక్కుండానే టీ హోటల్లో నిలబడి, బొగ్గు ప్రాంతాల్లో గాజుపలకల మీద పడే దుమ్ము దోమ రక్తకణాల పనిలా కనిపించి మోసం చేస్తుందన్న సంగతి దేశంలో మొదట కనిపెట్టింది తానేనని చెబుతున్నాడు. పాల గిన్నెతో అటుగా పోతున్న రాజవ్వ ఆగి విన్నది. "అవ్ సారు, నువ్వే కనిపెట్టినవు" అని పోయింది. ఆయన తల ఊపాడు కూడా. మెమోను మాత్రం డాక్టరు రద్దు చేయలేదు. నాలుగు నెలలకు ఆయన్ని మందమర్రికి బదిలీ చేశారు. పోయేటప్పుడు మైక్రోస్కోపును ఒళ్లో పెట్టుకొని రైలెక్కాడట. టికెట్ కలెక్టరుతో ఏం గొడవ జరిగి ఉంటుందో ఊహించుకోగలను.

ఒక్క సంగతి మిగిలింది. డాక్టరు సంతకం చేసిన ఆ మధ్యాహ్నమే దోమల రిజిస్టరు నా బల్ల మీదికి వచ్చింది. కాగితాల విషయంలో నా కన్ను ఊరుకోదు. పేజీ అంతా నీలం సిరాతో ఉంది. "పట్టిన స్థలం: పె. డా. బంగళా, తామరతొట్టి" అన్న ఒక్క లైను మాత్రం రెండు లైన్ల నడుమ ఇరుక్కొని, నల్ల సిరాతో ఉంది. రిజిస్టరు పట్టుకొని చివరి గదికి వెళ్లాను. ఆయన కిటికీ సందులో బట్ట కుక్కుతున్నాడు.

"నిజంగ ఆ తొట్టిలోనే పుట్టిందా?"

ఆయన నా చేతిలోని పేజీ వైపు చూశాడు. తర్వాత నా వైపు.

"దోమకు పుట్టిన సర్టిఫికెట్ ఎవలిస్తరు రైటర్ సాబ్?"

నేను రిజిస్టరు మూసి, సంబంధిత అధికారి చూసినట్టు ముద్ర వేసి, బీరువాలో పెట్టాను.

వేరే ఊరికి పోయిన మందు ముఠా మర్నాడే తిరిగి వచ్చింది. ఫైలులో నల్లుల నివారణ కోసమని రాశారు. మొదటి రోజంతా పెద్ద డాక్టరు బంగళాకే కొట్టారు, తామరతొట్టిని బోర్లించి మరీ. రెండో రోజు ఆఫీసర్ల ఇళ్లు. మూడో రోజు కాలనీలోకి దిగారు. ఆ రోజు నా డైరీలో ఉన్నది ఇంతే: "ఉదయం జల్లు. గోంగూర. క్వార్టర్లకు మందు కొట్టారు. కళ్లు మండాయి. రాజవ్వ గిన్నెలన్నీ బయట పెట్టి అరుగు మీద ఒక్కతే కూర్చొని ఉంది. ఓదెలు ఏడని అడిగాను. రెండో షిఫ్టుకు దిగిండని చెప్పింది."